రెండు పలకలు

(అనంతపురం జిల్లాలోని ఒక దళితవాడలో వేసవి సెలవుల్లో పది దినాలు జరిగిన పిల్లల శిబిరం ముగింపు సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగం ఇది. సభలో మాట్లాడినట్లే అచ్చు వేస్తున్నాం. - సం.)

 

ఈ ఎండలో మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఇంకాసేపటికి మన పిల్లోళ్లు వాయిస్తారు. మీరు వినాల్సింది వాళ్లను, నన్ను కాదు. అయితే నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. ఆ బాకీ తీర్చుకుని పక్కకు జరుగుతాను.

శిబిరం మొదలైన నాడు ఒక అక్క తన అయిదేండ్ల కూతుర్ని చెయ్యి పట్టుకుని వచ్చింది. ఇదిగో ఈ గోడకు ఆనించిన తప్పెట్లను చూసింది. చూసి నన్ను అడిగింది: "అన్నా, ఈ పలక కొట్టీ కొట్టీ మా మామ చేతులు కాయలు కాసినాయి. ఈ పలక వద్దనే నా మొగుడు బెంగుళూరికి పోయి ఇటుకలు మోస్తా ఉన్నాడు. ఇప్పుడు నా బిడ్డకు మళ్లా ఇదేనా? ఆ పలక పట్టుకుంటుందని పంపిస్తే మీరు ఈ పలక చేతికిస్తారా?"

ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. "పది దినాలు చూడక్కా, ఆఖరి రోజు చెప్తా" అన్నాను. ఈ రోజే ఆఖరి రోజు. అక్క కూడా ఇక్కడే కూర్చుంది.

మన సీమలో రెండింటికీ ఒకటే మాట. అక్షరాలు దిద్దేది పలక. సావుకు కొట్టేదీ పలక. తెలంగాణలో డప్పు అంటారు, మనం తప్పెట అంటాం, పలక అంటాం. ఈ రెండు పలకల మధ్య మన బతుకు ఎట్ల నలిగిందో చెప్పడానికి నా సంగతే ఒకటి చెప్తా.

నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు మా నాయన సంతలో రాతిపలక కొనిచ్చినాడు. రెండో రోజే అది పగిలింది. బడిలో ఏడుస్తా ఉంటే అయ్యవారు చూసి, "ఏమిరా, మీ ఇంట్లో ఇంకో పలక ఉంది గదా, అది తెచ్చుకోపో" అన్నాడు. బడంతా నవ్వింది. నేనూ నవ్వినాను. ఆరేండ్ల పిలగాణ్ని, ఎందుకు నవ్వుతున్నారో నాకేం తెలుసు? ఇంటికి పోయి చెప్తే మా నాయన నవ్వలేదు. ఆ రాత్రి సంగటి ముట్టలేదు. మరుసటి సంతకు ఇంకో రాతిపలక తెచ్చిచ్చినాడు. ఆ రోజు నుంచి నాకు ఇంట్లో కొయ్యకు వేలాడే పలకను చూస్తే సిగ్గు. దాని సద్దు వింటే సిగ్గు. మా నాయన ఊర్లో వాయిస్తా ఉంటే నేను పక్క సందులో దాక్కునేవాణ్ని. చుట్టుపక్కల ఊర్లలో అంత బాగా వాయించేవాడు లేడని నాకు ముప్పై ఏండ్లు దాటినాక ఎవరో చెప్పినారు. అప్పటికి మా నాయన లేడు. ఆయన చేతిలోని దరువులు ఒక్కటీ నాకు రావు. రాతిపలక నాకు ఉద్యోగం ఇచ్చింది. దానికి దండం. కానీ రెండో పలకను నాతో సిగ్గుపడేట్టు చేసింది ఎవరు?

అక్క అడిగింది తప్పు ప్రశ్న కాదు. మన ఉద్యమంలో తొంభై ఏండ్లు పైబడి నలుగుతున్న ప్రశ్న అది. 1927 మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ మన వాళ్లకు ఏం చెప్పినాడు? చచ్చిన గొడ్డు మాంసం మానండి, ఊరు మీ నెత్తిన పెట్టిన నీచపు చాకిరీ మానండి అని. మరుసటి ఏడాదే, 1928లో, మహర్లను తరతరాలుగా ఊరి చాకిరీకి కట్టేసిన వతన్ పద్ధతి మీద బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినాడు. ఎందుకు? జానెడు మాన్యం చూపించి మనిషిని పగలూ రాత్రీ ఊరికి బంటును చేసినారు కాబట్టి.

మన దగ్గర ఏం జరిగిందో అవ్వలకు, తాతలకు నేను చెప్పాల్నా? పెద్ద కులంలో సావైతే తప్పెట మనదే. పక్క ఊరికి సావు కబురు మోసేది మనమే. చావిడి కాడ దండోరా మనదే. జాతరకు మనమే, పెండ్లికి మనమే, పీర్ల పండక్కి గుండం ముందర మనమే. పిలిస్తే పోవాల. జ్వరమున్నా పోవాల. గుడి ముందు వాయించాల, గుడిలోకి పోగూడదు. పెండ్లి పందిట్లో వాయించాల, పంక్తిలో కూర్చోగూడదు. దీనికి కూలి ఎంత? కల్లంలో ఇచ్చే మేర. ఆ మేర కూడా పంట పండితేనే గదా! మన అనంతపురంలో పండిన ఏడాదులు ఎన్ని, ఎండిన ఏడాదులు ఎన్ని? వేరుశనగ పోయిన ఏడు మేర పోయింది. చాకిరీ మాత్రం ఏ కరువులోనూ పోలేదు.

కాబట్టి 'తప్పెట పారేయండి' అన్నవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతా. తమిళనాడులో ఎన్నో ఊర్లలో మన వాళ్లు సావుకు పరై కొట్టమని తెగేసి చెప్పినారు. దాని కోసం దెబ్బలు తిన్నారు, ఊరి కట్టుబాట్లకు ఎదురు నిలబడినారు. మళ్లా అదే తమిళనాడులో అదే పరైని చేత పట్టుకుని ఇది మా విడుదల వాద్యం అన్నవాళ్లూ మన వాళ్లే. మన రాష్ట్రంలో 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన పోరాటం తనకు ఏం పేరు పెట్టుకుంది? దండోరా. ఏ పనిని చూపించి మనల్ని చిన్నచూపు చూసినారో ఆ పని పేరే జెండా మీదికెక్కింది. మాల, మాదిగ వాదాల్లో ఎవరు ఎటున్నా సరే, ఆ పేరులోని ధైర్యాన్ని ఎవరూ కాదనలేరు.

మరి ఎవరి మాట వినాల? పారేయమన్నవాళ్లదా, పట్టుకోమన్నవాళ్లదా? ఇద్దరిదీ వినాల అంటాను నేను. ఎట్లంటే, వెట్టి వేరు, విద్య వేరు. వెట్టిని పారేయాల. విద్యను పారేయగూడదు. ఈ రెండింటినీ విడదీయడం పెద్దోళ్ల మెదడులో కష్టం. పసిపిల్లల దగ్గర మొదలుపెడితే సులభం. అందుకే ఈ శిబిరం.

ఇప్పుడు మేం చేసిన మొదటి తప్పు చెప్తా. దాచుకోను.

మొదటి రోజు నాలుగేండ్ల నుంచి ఎనిమిదేండ్ల పిల్లోళ్లను చుట్టూ కూర్చోబెట్టినాం. వాద్యాలన్నీ నడుమ పెట్టినాం. తప్పెట, ఉరుము, డోలు, సన్నాయి, పిల్లనగ్రోవి, గొరవయ్య డమరుకం, చెక్కలు, తాళాలు, గజ్జెలు, తంబూర, హార్మోనియం, ఒక పాత మృదంగం. ఒక్కొక్కటే ఎత్తి చూపించి "ఇది ఏమిటి?" అని అడిగినాం. పిల్లోళ్లు ఏం చెప్పినారో తెలుసా? తప్పెట ఎత్తితే "మాదిగోళ్లది" అన్నారు. ఉరుము ఎత్తితే "మాలోళ్లది" అన్నారు. సన్నాయి ఎత్తితే "మంగలోళ్లది". డమరుకం చూపిస్తే "కురుబోళ్లది". మృదంగం చూపిస్తే ఒకడు "అయ్యోర్లది" అన్నాడు. వాద్యం పేరు అడిగితే కులం పేరు చెప్పినారు. ఇంకా అక్షరాలు సరిగా రాని పిల్లోళ్లు! హార్మోనియం ఒక్కదానికి మాత్రం ఎవరి కులమూ చెప్పలేకపోయినారు. అది పడమటి దేశాల నుంచి వచ్చింది గదా. చర్చిలో ఉంటుంది, భజనలో ఉంటుంది, నాటకం స్టేజీ మీద ఉంటుంది.

మాకు నోట మాట రాలేదు. కులం మన పిల్లోళ్లకు పుస్తకంలో రాలేదు, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెవిలో నుంచి దూరింది. సద్దుతో పాటు దూరింది.

ఆ రాత్రి మేం కార్యకర్తలం కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో చదువుకున్న ఒక తమ్ముడు రష్యా దేశం సంగతి చెప్పినాడు. 1936లో మాస్కోలో పిల్లల నాటకశాల కోసం ప్రొకోఫియెవ్ అనే సంగీతకారుడు ఒక కథ కట్టినాడట. పీటర్ అనే పిలగాడు, ఒక తోడేలు, వాళ్ల కథ. దాన్ని వాయించేది ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రా అంటే మన తిరునాళ్లలో మైకు పెట్టి సినిమా పాటలు పాడే జట్టు అనుకునేరు. వాళ్ల దేశాల్లో ఆర్కెస్ట్రా అంటే పదుల మంది తీగల వాద్యాలు, గాలి వాద్యాలు, డోళ్లు పట్టుకుని ఒక్కటిగా వాయించే మేళం. చిన్న పిల్లోళ్లకు అన్ని వాద్యాలు ఒకేసారి వినిపిస్తే ఏం తెలుస్తుంది? అందుకని ఆయన కథలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వాద్యం పెట్టినాడు. పిట్టకు పిల్లనగ్రోవి. బాతుకు మన సన్నాయి జాతిది ఓబో అనే వాద్యం. పిల్లికి మన బ్యాండు మేళంలో ఊదే క్లారినెట్. కోపిష్టి తాతకు లావుపాటి గొంతున్న బసూన్. తోడేలుకు కొమ్ములు. వేటగాండ్ల తుపాకులకు పెద్ద డోళ్లు. పీటరుకు తీగల వాద్యాలన్నీ కలిపి. కథ అయిపోయేలోపు పిల్లోళ్లకు ప్రతి వాద్యం గొంతూ గుర్తుండిపోతుంది.

తమ్ముడు చెప్పడం అయినాక ఒక చెల్లెలు అనింది: "వాళ్ల పిల్లోళ్లు వాద్యం వింటే పిట్ట గుర్తొస్తుంది, పిల్లి గుర్తొస్తుంది. మన పిల్లోళ్లు వాద్యం చూస్తే కులం గుర్తొస్తుంది. ముందు ఈ ముడి విప్పాల."

రెండో రోజు ఏం చేసినామంటే, అడ్డంగా ఒక దుప్పటి కట్టినాం. వాద్యాలు దుప్పటి వెనక, పిల్లోళ్లు ముందర. కండ్లు మూసుకోమన్నాం. ఎవరు వాయిస్తున్నారో కనపడదు, ఏది వాయిస్తున్నారో కనపడదు. ఒక్కొక్క సద్దు వినిపించి "ఇది ఏం మాదిరి ఉంది?" అని అడిగినాం.

గజ్జెలు కదిలిస్తే "మేకల మంద" అన్నారు. చెక్కలు కొడితే "మా అవ్వ వక్క కొరికినట్టు" అన్నాడొకడు. సన్నాయికి "మా చెల్లి ఏడుపు". ఉరుము రాస్తే పిల్లోళ్లు ముందు భయపడినారు, తర్వాత నవ్వినారు. "మబ్బు" అన్నారు. "మా తాత గురక" అన్నారు. ఉరుముకు రెండు ముఖాలు. ఒక ముఖం మీద పుల్లతో కొడతారు, రెండో ముఖం మీద వంకర పుల్లతో రాస్తారు. రాసినప్పుడు మబ్బు కడుపులో గుర్రుమన్నట్టు ఉంటుంది. దానికి ఆ పేరు ఊరికే రాలేదు.

తప్పెట వాయించినాం. ముందు మెల్లగా, తర్వాత జోరుగా. ఒక నాలుగేండ్ల పిల్ల లేచి నిలబడి "వాన" అనింది. "రేకుల మీద వాన" అనింది.

అక్కలారా, ఈ కరువు గడ్డ మీద పుట్టిన బిడ్డ, తను పుట్టినాక గట్టి వానలు ఎన్ని చూసిందో తెలియదు, తప్పెట వింటే దానికి వాన గుర్తొచ్చింది. సావు గుర్తు రాలేదు. మాదిగోళ్లు గుర్తు రాలేదు. ఆ బిడ్డ ఎవరో చెప్తా. మొదటి రోజు నన్ను నిలదీసిన ఈ అక్క చిన్న కూతురు. పెద్ద పిల్ల వెంట వచ్చి కూర్చునేది.

మూడో రోజు నుంచి వాద్యాలను జట్లు చేసినాం, కులాలతో కాదు, సద్దు ఎట్ల పుడుతుందో దాన్ని బట్టి. తోలు అదిరితే మోగేవి ఒక జట్టు: తప్పెట, ఉరుము, డోలు, మృదంగం, డమరుకం. ఊపిరితో మోగేవి ఒక జట్టు: సన్నాయి, పిల్లనగ్రోవి. తీగతో మోగేది తంబూర. ఒకదానికొకటి తగిలి మోగేవి చెక్కలు, తాళాలు, గజ్జెలు. హార్మోనియం యాడికి పోతుందని అడిగితే, తిత్తి తెరిచి చూసి "దీనికి లోపల గాలి ఉంది, సన్నాయి జట్టు" అని పిల్లోళ్లే తేల్చినారు. ఇప్పుడు చూడండి, మాదిగ తప్పెటా, అయ్యోర్ల మృదంగమూ ఒకే జట్టులో కూర్చున్నాయి. మంగలి సన్నాయి, చర్చి హార్మోనియం ఒకే జట్టు. సైన్సు పెట్టిన పంక్తి ఇది. ఈ పంక్తిలో అంటు లేదు.

సన్నాయి గురించి చెప్తూ షేక్ చినమౌలానా పేరు చెప్పినాం. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన ముస్లిం. నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు, 1977లో పద్మశ్రీ వచ్చింది. సద్దుకు మతమూ లేదని పిల్లోళ్లకు ఇంతకన్నా వేరే పాఠం ఏం కావాల?

నాలుగో రోజు తప్పెట తయారు చేసే పని చూపించినాం. మన వాడలోని తాతే గురువు. ఆయనకు కుర్చీ వేసినాం, కూలి ఇచ్చినాం, పిల్లోళ్లతో "సార్" అని పిలిపించినాం. తోలు నానబెట్టడం, వెంట్రుక గీకడం, తడిగా ఉన్నప్పుడే చెక్క చట్రం మీదికి లాగడం, చింతగింజల బంకతో అంటించడం, నీడలో ఆరబెట్టడం. తర్వాత మంట. చొప్పకు నిప్పు పెట్టి తప్పెటను సెగ చూపిస్తే తోలు బిగుస్తుంది. బిగిసే కొద్దీ సద్దు పైకి పోతుంది. తడి తగిలితే తోలు సడలి సద్దు కిందికి దిగుతుంది. తాత వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుని "ఇంకొంచెం కాగాల" అంటాడు. ఎంత కాగాలో ఆయన చెవికి తెలుసు. పెద్ద చదువుల్లో దీన్ని శ్రుతి చేయడం అంటారు. మన తాత చేస్తే 'మాదిగోడు తప్పెట కాపుకుంటున్నాడు' అంటారు. పని ఒకటే, పేర్లు రెండు.

మృదంగం సంగతి కూడా ఆ రోజే చెప్పినాం. మృదంగం కుడి ముఖం మీద తోలు ఒక్క పొర కాదు. ఆవుతోలు, మేకతోలు, ఎనుము తోలు, ఇవన్నీ పడతాయి మృదంగానికి. ఆ తోలు ఎంచేది, కోసేది, బిగించేది ఎవరు? తంజావూరులో సెబాస్టియన్ అనే పెద్దాయన వంశం తరతరాలుగా మృదంగాలు చేస్తున్నారు. వాళ్లు దళిత క్రైస్తవులు. వాళ్ల గురించి, వాళ్ల మాదిరి వాద్యం చేసే మనుషుల గురించి టి.ఎం. కృష్ణ అనే కర్ణాటక సంగీత గాయకుడు 2020లో ఒక పుస్తకం రాసినాడు. గోవును పూజించే సంగీతానికి గోవు తోలే ఆధారమని అందులో తేలింది. దాని ఆవిష్కరణకు చెన్నైలో కళాక్షేత్ర ఫౌండేషన్ ముందు హాలు ఇస్తామని, తర్వాత ఇవ్వమనింది. వాయించేవాడి పేరు పోస్టర్ల మీద, చేసినవాడి పేరు ఎక్కడా లేదు.

ఏడో రోజు పెద్ద పిల్లోళ్లను లేపాక్షికి తీసుకుపోయినాం. 2022లో మన జిల్లాను రెండు చేసినాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, అదీ మన గడ్డే. పదహారో శతాబ్దంలో విజయనగరం రాజుల కాలంలో కట్టిన గుడి. నాట్యమంటపంలో స్తంభాల మీద రాతి మేళం ఉంది. రంభ ఆడతా ఉంటుంది, తుంబురుడి చేతిలో వీణ, పక్కన దేవుళ్ల చేతుల్లోనే డోళ్లు, మద్దెలలు. మూడు నిమిషాలు పిల్లోళ్లు నోరు తెరుచుకుని చూసినారు. తర్వాత ఒక ఏడేండ్ల పిలగాడు అడిగినాడు: "సార్, ఈ మద్దెలకు తోలు ఎవరేసినారు?"

నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న వాని నోట్లో నుంచి వచ్చింది, అదే నాకు చాలు. మూడు దినాల కిందట తాత దగ్గర తోలు పని చూడకుంటే ఆ ప్రశ్న వచ్చేదా? వాద్యాన్ని చూస్తే దాని వెనక చేతులు కనపడాల. మేం ఈ పిల్లోళ్లకు నేర్పించాలనుకున్నది ఇదే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. కులం సంగతి పిల్లోళ్లకు దాచిపెట్టమని నేను చెప్పడం లేదు. దాస్తే అది సందులో నుంచి దూరుతుంది, నాకు దూరినట్టు. ముందు సద్దు వినిపించండి. తర్వాత పని చూపించండి. ఆ తర్వాత, 'ఇంత గొప్ప పని చేసినవాణ్ని ఊరు ఇట్ల చూసింది' అని చెప్పండి. అప్పుడు బిడ్డకు సిగ్గు పుట్టదు, కోపం పుడుతుంది. సిగ్గు మనల్ని తింటుంది. కోపం మనల్ని నిలబెడుతుంది.

ఇక మన ఇంటి మకిలి కూడా కడుక్కోవాల. ఉరుము తెచ్చిన పెద్దాయన అయిదో రోజు పిల్లోళ్ల చేతికి ఉరుము ఇవ్వమంటే, మాదిగ పిలగాని చేతికి ఇవ్వడానికి వెనకాడినాడు. "ఇది దేవర ముందర వాయించేది, నాయనా" అన్నాడు. మాదిగ వైపు ఒక తల్లి కూడా "మాలోళ్ల ఉరుము మాకెందుకు?" అనింది. ఊరు మనల్ని తొక్కుతుంది సరే, మనం ఒకర్నొకరు ఏం చేస్తున్నాం? చాలాసేపు వాదించుకున్నాం. ఆఖరుకు పెద్దాయనే అన్నాడు: "నా కొడుకు కేరళకు పోయినాడు కూలికి. మనవడు సెల్లు పట్టుకుంటాడు గానీ ఇది పట్టుకోడు. నాతోనే పోయేదానికి నేను గీత గీసుకుని ఏం లాభం?" అని ఉరుము ఆ పిలగాని మెడకు తనే తగిలించినాడు. ఈ రోజు మీరు చూస్తారు, మాల పిల్ల తప్పెట కొడుతుంది, మాదిగ పిలగాడు ఉరుము వాయిస్తాడు.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తా. ఆరో రోజు సాయంత్రం పెద్దింటి నుంచి మనిషి వచ్చినాడు. "పెద్దాయన పోయినాడు, తప్పెట్లు పంపండి" అన్నాడు. అంతటితో ఆగి ఉంటే మేం మామూలుగా జవాబు చెప్పేవాళ్లం. "పిల్లోళ్లు కూడా నేర్చుకుంటా ఉన్నారంట గదా, వాళ్లనూ పంపండి, ముచ్చటగా ఉంటుంది" అన్నాడు. పిల్లోళ్లు పుల్లలు పట్టుకుని మా మొహాలు చూస్తా ఉన్నారు. నా గుండె జారింది. అక్క భయపడింది ఇదే గదా! బిడ్డ చేతికి పలక ఇస్తే ఊరు దాన్ని సావు కాడికి పిలుస్తుంది.

తప్పెట నేర్పే తాత లేచినాడు. డెబ్బై ఏండ్ల మనిషి, బతుకంతా ఆ ఇంటి సావులకు కొట్టిన మనిషి. "ఇది బడి నాయనా. బడి పిల్లోళ్లను సావుకు పంపరు" అన్నాడు. "మరి నువ్వు?" అన్నాడు వచ్చినాయన. "నేనూ బడిలో పంతులు పని చేస్తా ఉన్నా. తీరిక లేదు" అన్నాడు. అంతే. ఆ మనిషి కొంచెంసేపు నిలబడి పోయినాడు. ఆ రాత్రి వాడలో అందరం మెలకువగా ఉన్నాం. ఏమీ జరగలేదు. బండి మీద స్పీకర్లు పెట్టుకుని వాళ్ల సావు వాళ్లు చేసుకున్నారు.

ఇక్కడ చట్టం కూడా గుర్తు పెట్టుకోండి. వెట్టిచాకిరీ చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం ప్రకారం నిషేధం. 1989 అట్రాసిటీ చట్టం కింద ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం నేరం. 2015 సవరణలో శవాలు మోయమని, గుంతలు తవ్వమని బలవంతం చేయడాన్ని కూడా ప్రత్యేకంగా నేరమని రాసినారు. ఇష్టంతో, మాట్లాడుకున్న కూలికి వాయించడం కళ. రాకుంటే చూసుకుంటామని పిలిస్తే అది నేరం. ఈ తేడా మన పిల్లోళ్లకు చిన్నప్పుడే తెలియాల.

ఇప్పుడు అక్కకు నా జవాబు. అక్కా, నీ బిడ్డ తప్పెట కొట్టి బతకాలని మేం నేర్పలేదు. కళాకారుల బతుకు ఎట్లుందో మనకు తెలుసు. తెలంగాణలో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చినారు. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడని పేపర్లు ఫోటోలు వేసినాయి. మన రాష్ట్రంలో డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు రూ. 4,000 చేసినారు. అర్హత ఉన్న పెద్దోళ్లు ఎవరైనా ఉంటే రాయించుకోండి, అది మన హక్కు. కానీ బిడ్డ బతుకు పింఛను మీద కట్టలేం. బిడ్డకు చదువు కావాల. ఆ పలకే ముందు. అందులో ఏ మాత్రం మార్పు లేదు.

మరి ఈ పలక ఎందుకంటే, నీ బిడ్డ రేపు పెద్ద బడికి పోతుంది. అక్కడ ఎవరో ఒకరు "మీ ఇంట్లో ఇంకో పలక ఉంది గదా" అంటారు. ఆ రోజు నీ బిడ్డ నా మాదిరి అర్థం కాక నవ్వగూడదు. "ఉంది. మా తాత చేసినాడు. ఎట్ల చేయాల్నో నాకు తెలుసు. నీకు తెలుసునా?" అని అడగాల. అందుకోసమే.

వేరే ఊర్ల నుంచి వచ్చిన కార్యకర్తలకు నాలుగు మాటలు. మీ వాడల్లో ఈ పని మొదలుపెట్టేటప్పుడు గుర్తు పెట్టుకోండి.

ఒకటి. పిల్లోళ్లకు ముందు చూపించొద్దు, వినిపించండి. దుప్పటి ఒక్కటి చాలు, ఖర్చు లేదు. ఒక పూటకు మూడు వాద్యాలు మించొద్దు. పసిపిల్లల చెవులు మెత్తన, తప్పెట్ల జోరుకు దగ్గరగా కూర్చోబెట్టొద్దు.

రెండు. నాలుగేండ్ల వాళ్లకు తాళం రాదని వదిలేయొద్దు. జర్మనీలో లైప్జిగ్ పరిశోధకులు 2009లో ఒక సంగతి రాసినారు. చిన్న పిల్లోళ్లు యంత్రంతో కన్నా ఎదురుగా ఉన్న మనిషితో కలిసి కొట్టినప్పుడే తాళం బాగా పట్టుకుంటారట, రెండున్నర ఏండ్ల వాళ్లు కూడా. మన అవ్వలు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని చప్పట్లు కొట్టించేది ఊరికే కాదు. సెల్లులో చూపించి నేర్పొద్దు. ఎదురుగా మనిషి కూర్చోవాల.

మూడు. ఆడపిల్లలకు మొదట ఇవ్వండి. ఇన్ని తరాలు తప్పెటను మగోళ్లు కొట్టినారు, ఆడోళ్లు దాని ముందర ఆడినారు, లేకుంటే దాని పక్కన ఏడ్చినారు. చిన్న చేతులకు చిన్న తప్పెట చేయించండి. మాల, మాదిగ పిల్లోళ్లను కలిపి కూర్చోబెట్టండి, వాద్యాలు మార్చి ఇవ్వండి.

నాలుగు. నేర్పే పెద్దోళ్లకు కూలి ఇవ్వండి, కుర్చీ వేయండి. వాళ్ల దరువులను సెల్లులో రికార్డు చేసి పేరు, ఊరు రాసి పెట్టండి. మా నాయన దరువులు పోయినట్టు ఇంకొకరివి పోగూడదు. పిల్లోళ్లు ఎవరు పిలిచినా పోయి వాయించేది లేదు, మన సభల్లో, మన ఇండ్లలో, వాళ్లకు ఇష్టమైతేనే. ఈ కట్టుబాటు మొదటి రోజే అందరి ముందర చెప్పండి.

నా బాకీ తీరింది అనుకుంటా. అక్కా, తీరకుంటే సభ అయినాక మళ్లా అడుగు.

మంట వేసినారు, తప్పెట్లు కాగుతున్నాయి. తాత వేలితో తట్టి చూస్తా ఉన్నాడు. ఆయన సరే అన్నప్పుడు మొదలు. పిల్లోళ్లూ, రండి, లైనుగా నిలబడండి. పెద్దోళ్లు కొంచెం వెనక్కి జరగండి, వాళ్లకు జాగా ఇవ్వండి.

జై భీమ్!